మూఢంలోనూ ముప్పై రెండు

నేను ముప్పై మూడేళ్ళపాటు మోటారు పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ప్లానింగ్ చూశాను. ఏ రోజు ఏ మోటార్లు ఎన్ని తయారు కావాలో పొద్దున ఒక కాగితం మీద రాయడం, అలా ఎందుకు కాలేదో సాయంత్రం ఇంకో కాగితం మీద రాయడం. స్థూలంగా నా ఉద్యోగం ఇదే. రెండో కాగితం ఎప్పుడూ పొడుగ్గా ఉండేది.

ఇవి కాక డైరీ ఒకటి. చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఒక్క పూట మానలేదు. ఆ రోజు ఆగిన మెషీను, ఆగిన కారణం, నన్ను తిట్టినవాళ్ళు, తిట్టడానికి వాళ్ళు చెప్పిన కారణం, ఈ వరసలో రాసేవాణ్ణి. షాపులో, అంటే మెషీన్లు నడిచే చోట, నన్ను ఎదురుగా మూర్తి గారు అనీ, వెనకాల డైరీ గారు అనీ పిలిచేవాళ్ళు. ఆ డైరీలు ముందేసుకునే ఇది రాస్తున్నాను. ప్లానింగులో కొత్తగా చేరిన పిల్లలిద్దరు ఆమధ్య ఇంటికి వచ్చి, పుస్తకాల్లో ఉన్నది కాదు, అసలు పనేమిటో చెప్పమన్నారు. ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా ఆలస్యంగా వస్తాయి. నాకు పని నేర్పినవి మొత్తం సర్వీసులో రెండే రెండు నెలలు. వాటి గురించే చెబుతాను.

ఇరవై రోజుల ఎండ, పది రోజుల వాన

మా ఫ్యాక్టరీ విజయవాడ నుంచి కంకిపాడు వెళ్ళే దారిలో ఉంది. బోర్లకు పెట్టే మూడు, ఐదు, ఏడున్నర హెచ్‌పీ మోటార్లు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లకు మోటార్లు, మొత్తం నాలుగు రకాలు. ఒక రకం మొదలుపెడితే వారం పది రోజులు అదే చేయడం, తర్వాత ఇంకోటి ఎత్తుకోవడం మా పద్ధతి. ఇంట్లో మొదటి వారమంతా ఇడ్లీలే, రెండో వారమంతా పెసరట్లే వేసి, ఇడ్లీల వారంలో వచ్చిన చుట్టం పెసరట్టు అడిగితే పదో తారీకు తర్వాత రమ్మన్నారనుకోండి. మేము రైతుకి సరిగ్గా అదే చెప్పేవాళ్ళం. పైగా లెటర్‌హెడ్ మీద మర్యాదగా చెప్పేవాళ్ళం.

నెలలో మొదటి ఇరవై రోజులు ఫ్యాక్టరీ కునుకు తీసేది. ఇరవయ్యో తారీకు దాటగానే సేల్స్ వాళ్ళకి టార్గెట్ గుర్తొచ్చేది. డీలర్లకి ఫోన్లు, బతిమాలడాలు, కుప్పగా ఆర్డర్లు. ఆఖరి పది రోజులూ పరుగే. ప్యాకింగ్‌లో మనుషులు చాలక మా ఎండీ గారే పెట్టెలకి మేకులు కొట్టడం చూశాను. ఆయన ఆ సంగతి పెళ్ళిళ్ళలో కూడా గర్వంగా చెప్పుకునేవారు. నిజానికి ఎండీ మేకులు కొట్టాల్సి వచ్చిందంటే ప్లానింగ్ చేసినవాడు తలదించుకోవాలి. నేను దించుకోలేదు. పక్కన నిలబడి మేకులు అందించాను.

ఈ ఎండావానల మధ్య నలిగింది వైండింగ్ సెక్షన్. మోటారు లోపల ఉండే స్టేటర్‌కి రాగి తీగ చేత్తో చుట్టే పని అది. పదకొండు మంది ఆడవాళ్ళు, రోజు కూలీ మీద. వాళ్ళకి పెద్ద మరియమ్మ. గుణదల నుంచి వచ్చేది. యాభై దాటిన మనిషి. ఆవిడ చుట్టిన స్టేటర్‌ని టెస్టింగ్ వాళ్ళు నామకార్థం ఒకసారి చూసి పంపేసేవాళ్ళు. నెల మొదట్లో వీళ్ళను రావద్దనేవాళ్ళం. ఆఖరి పది రోజులు ఫోన్ చేసి పిలిచి, చీకటి పడేదాకా ఉంచేవాళ్ళం. ఒకసారి ఆవిడ నాతో, "పది రోజులు మెషీన్లమండీ, ఇరవై రోజులు ఫోన్ నంబర్లమండీ. మనుషులుగా ఏ తారీకున ఉంటామో మీ కాగితంలో రాయండి" అంది. ఆ మాట డైరీలో రాసుకున్నాను గానీ కాగితంలో ఏమీ మార్చలేదు.

ఇంకోసారి గుణదల మేరీమాత ఉత్సవాల రోజులు కూడా కలిపి వైండింగ్‌కి ప్లాన్ వేశాను. పదకొండు మందిలో ఏడుగురు రాలేదు. తర్వాత గట్టిగా అడిగితే, క్యాలెండర్లో మీ పండగలే ఎర్రగా ఉంటాయా అని మరియమ్మ ఎదురు అడిగింది. ప్లాన్ వేసేముందు గదిలో ఎవరున్నారో చూడాలని నాకు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. ఆవిడ చెప్పింది.

అలాంటి ఒక నెలాఖరున వైండింగ్ దగ్గర పని తెమలక లారీ సగం ఖాళీతో నిలబడిపోయింది. ఎండీ గారికి ఓపిక నశించింది. చుట్టిన స్టేటర్లు కోయంబత్తూరు నుంచి తెప్పించుకుందామనీ, మన వైండింగ్ సెక్షన్ ఎత్తేద్దామనీ అందరి ముందే అనేశారు.

ఆయన చెడ్డమనిషి కాదు. వ్యవసాయం చేసి వచ్చినవారు కనుక పొలం నడిపినట్టే ఫ్యాక్టరీ నడిపారు. కోతలప్పుడు మనుషుల్ని తేవడం, కోత అయ్యాక పంపేయడం. మోటారుకి కోతల కాలం లేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

ఆ సాయంత్రం డైరీలు తిరగేశాను. వైండింగ్ వాళ్ళు నిదానం కాదు. ఇరవై రోజులు వాళ్ళకి పని ఇవ్వకుండా కూర్చోబెట్టి, పది రోజుల్లో నెల పని అడుగుతున్నాం. మర్నాడు ఎండీ గారి గదికి వెళ్ళి, పదకొండు మందికీ నెల పొడుగునా పని ఇస్తే రోజుకు ముప్పై రెండు స్టేటర్లు చుడతారు, అమ్ముడుపోయేదానికి అది సరిపోతుంది, నెలాఖరు పరుగు ఉండదు అని చెప్పాను. ఆయన కాసేపు నా కాగితం కేసి, కాసేపు నా కేసి చూశారు.

"రెండు నెలలండీ మూర్తి గారూ. మొదటి నెల ఏర్పాట్లు చేసుకోండి. రెండో నెల మీరన్నట్టు నడపండి. ఆ నెలాఖరు సాయంత్రానికి ఒక్క మోటారు పెండింగ్ ఉన్నా, తర్వాతొచ్చే సోమవారం కోయంబత్తూరు వాళ్ళు వచ్చి అగ్రిమెంట్ రాసుకుంటారు."

ఈ సంగతి మరియమ్మకి నేనే చెప్పాను. ఆవిడ తీగ చుట్టడం ఆపలేదు.

"అంటే మా పదకొండు మంది పని మీ కాగితం మీద ఉందన్నమాట" అంది. "ఈసారి కాస్త మంచి కాగితం తీసుకోండి."

కాలిన మోటారుకి మూఢం లేదు

రోజూ సమంగా చేయాలంటే ముందు రోజూ ఎన్ని కావాలో తెలియాలి. మా ఆర్డర్ల రిజిస్టర్ చూస్తే అది తెలిసేటట్టు లేదు. కంకిపాడు డీలర్ కోటేశ్వరరావు పన్నెండు రోజులు పలకడు. పదమూడో రోజు వినాయకుడి బొమ్మ పెట్టి వాట్సాప్‌లో ఇరవై అయిదు మోటార్లు పంపమంటాడు. మళ్ళీ పలకడు. రైతులు కూడా అలాగే గుంపుగా వచ్చి కొంటారని నేను ఇన్నేళ్ళూ నమ్మాను. ఆ నమ్మకం మీదే ప్లాన్లు వేశాను.

ఈసారి వెళ్ళి ఆయన కొట్లో మూడు రోజులు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన మొహమాటానికి రోజుకు నాలుగు టీలు తెప్పించాడు. నేను నాలుగూ తాగి, వచ్చినవాళ్ళని రాసుకున్నాను. మొదటి రోజు ఇద్దరు రైతులు, ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. రెండో రోజు ముగ్గురు. మూడో రోజు ఇద్దరు. అందరిదీ ఒకటే కథ. మోటారు కాలిపోయింది, ఇవాళే కావాలి. ఆయన పాత పుస్తకం కూడా చూపించమన్నాను. సంవత్సరం పొడుగునా అంతే. రోజుకు రెండో మూడో. గుంపులు లేవు, తిరునాళ్ళు లేవు.

మరి మాకు మాత్రం పన్నెండు రోజులకోసారి కుప్పగా ఎందుకు పెడుతున్నావని అడిగాను. నేనేదో అవివేకపు ప్రశ్న అడిగినట్టు చూశాడు. కంపెనీకి ఆర్డరు పెట్టాలంటే తిథి బాగుండాలి, దశమి గురువారమైతే మరీ మంచిది, మూఢంలో అసలు పెట్టకూడదు, ఇది వాళ్ళ నాన్నగారి నాటి నుంచి వస్తున్న పద్ధతి.

"మూఢంలో రైతులు కొనడం మానేస్తారా మరి?"

"కాలిన మోటారుకి మూఢం ఏంటండీ. చేను ఎండుతుంటే పంచాంగం చూస్తాడా? వాడు కొంటాడు. నేను అమ్ముతాను. ఆర్డరు మాత్రం పెట్టను."

నా ఉద్యోగం మొత్తంలో ఇంత పెద్ద పాఠం ఇంత చిన్న కొట్లో దొరుకుతుందనుకోలేదు. గుంపు రైతుది కాదు. సగం దశమిది, సగం నెలాఖరున టార్గెట్ కోసం డీలర్ల గొంతు మీద కూర్చునే మాది. రోజుకు రెండు మూడు చొప్పున నెమ్మదిగా పారే నీటికి మనమే అడ్డుకట్టలు వేసి, మనమే తెంచి, వరదొచ్చిందని పరిగెడుతున్నాం.

కోటేశ్వరరావు పద్ధతి మార్చుకోమని అడిగితే జరిగే పని కాదు. అందుకని ఒక ఉపాయం చెప్పాను. ఆర్డరు మీ దశమికే పెట్టండి, కాదనను. కానీ రోజూ సాయంత్రం కొట్టు కట్టేముందు ఆ రోజు ఏవి ఎన్ని పోయాయో నాకు ఒక ముక్క పంపండి. అది ఆర్డరు కాదు, ఉత్త కబురు. కబురు చెప్పడానికి ముహూర్తం అక్కర్లేదు కదా. ఆయన పంచాంగం తిరగేశాడు. లోపలికి వెళ్ళి వాళ్ళావిడని కూడా అడిగొచ్చాడు. తప్పులేదని తేలింది. మిగతా డీలర్లకి నేను చెప్పక్కర్లేకపోయింది. ఆయనే చెప్పాడు, ఈ ఉపాయం తనదేనని కూడా చెప్పాడు. నేను అభ్యంతర పెట్టలేదు.

ఆ కబుర్లన్నీ కలిపితే లెక్క తేలింది. ఎనిమిది మోటార్లు పోతే అందులో నాలుగేమో ఐదు హెచ్‌పీవి, రెండేమో మూడు హెచ్‌పీవి, ఒకటి ఏడున్నర, ఒకటి ఏరియేటర్‌ది. అయితే మేమూ ప్రతి రోజూ ఆ పాళ్ళలోనే, నాలుగు రకాలూ చేయాలి. జపాన్ వాళ్ళు దీన్ని హైజుంకా అంటారట. మా షాపులో ఆ మాటకి ఎవరికీ నోరు తిరగలేదు. గోడకి ఒక పలక తగిలించి, ఏ రకం తర్వాత ఏ రకమో రంగు చీటీలు పెడితే అందరూ వరస బోర్డు అన్నారు. అదే స్థిరపడింది.

కొబ్బరికాయ మీద నిషేధం

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను.

స్టేటర్‌కి కావాల్సిన ఇనుప రేకులు పెద్ద ప్రెస్సులో కోస్తారు. రకం మారినప్పుడల్లా ప్రెస్సులో డై, అంటే రేకుని ఆ ఆకారంలో కోసే అచ్చు, మార్చాలి. మారిస్తే మూడు గంటలు. అందుకే ఒకసారి బిగించింది పది రోజులు విప్పేవాళ్ళు కాదు. రోజూ నాలుగు రకాలు కావాలంటే రోజుకు నాలుగుసార్లు మార్చాలి. మూడు గంటల చొప్పున నాలుగుసార్లంటే రోజంతా మార్చడమే సరిపోతుంది, కోయడానికి పొద్దు మిగలదు.

ప్రెస్ ఫోర్‌మన్ సుబ్బారావు ఈ టైము తగ్గించి చూద్దామంటే ఒప్పుకున్నాడు. ఎక్కడ టైము పోతోందో ఇద్దరం కూర్చుని రాశాం. సరైన స్పానరు వెతకడానికే ముప్పావు గంట పోతోంది. బోల్టులు నాలుగైదు పొడుగుల్లో ఉండటంతో ఏది ఎక్కడిదో తెలియడానికి ఇంకాస్త. అన్నీ ఒకే పొడుగు బోల్టులు చేయించుదామని సుబ్బారావే అన్నాడు. స్పానర్లకి గోడ మీద బొమ్మలు గీయించి వాటి చోట వాటిని తగిలించాం. తర్వాత బిగించాల్సిన డైని ముందే తెచ్చి పక్కన పెట్టుకున్నాం. మూడు గంటల పని నలభై నిమిషాలకి దిగింది.

అందులో పావుగంట మాత్రం కదలలేదు. అది కొబ్బరికాయది. డై మార్చిన ప్రతిసారీ సుబ్బారావు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. నెలకి మూడుసార్లు మార్చినన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. రోజుకు నాలుగుసార్లు అయ్యేసరికి రోజుకు నాలుగు కాయలు. చిప్పలు క్యాంటీన్‌కి వెళ్ళేవి. సోమవారం ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి. మంగళవారం భోజనంలో కొబ్బరి పచ్చడి. బుధవారం కొబ్బరన్నం, నంజుకోవడానికి కొబ్బరి పచ్చడి. గురువారం నాడు క్యాంటీన్ వంటవాడి మీద, మోటార్లు కూర్చి బిగించే అసెంబ్లీ వాళ్ళు ఫిర్యాదు రాసి సంతకాలు పెట్టారు. జీతాల గురించి కూడా అన్ని సంతకాలు ఎప్పుడూ పడలేదు.

నాకు అవకాశం దొరికింది. ఫిర్యాదు కాగితం చూపించి, ఇక కొబ్బరికాయ, పూజ బంద్ అన్నాను. సుబ్బారావు సరేనండి అన్నాడు. నాకు కావాల్సిన పావుగంట దొరికిందని డైరీలో రాసుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం డై పక్కకి జరిగి ప్రెస్సు బిగుసుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున పని పోయింది. విప్పి చూస్తే ఒక బోల్టు సరిగ్గా బిగించలేదు. షాపులో అందరూ కొబ్బరికాయ కొట్టే రాయి కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి వెళ్ళిపోయారు. సుబ్బారావు మాత్రం రాయి కేసి కూడా చూడలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నాకు రాతి మీద నమ్మకం లేదు గానీ ఏదో అర్థం కాలేదని తెలిసింది. మర్నాడు ఆయన్ని పాత పద్ధతిలోనే మొత్తం చేయమని, పక్కన నిలబడి చూశాను. పసుపు రాశాడు. తర్వాత పన్నెండు బోల్టులకీ ఒక్కోదానికి కుంకుమ బొట్టు. బొట్టు పెట్టేముందు ప్రతి బోల్టుకీ స్పానరు పెట్టి ఒక్క గుంజు గుంజుతున్నాడు.

"ఎందుకు లాగుతున్నావు సుబ్బారావ్?"

"కదిలేదానికి బొట్టు పెట్టకూడదండీ."

నేను పూజ అనుకున్నది పూజే. కాదనను. కానీ ఆ పూజలో పన్నెండు బోల్టుల తనిఖీ కూడా ఉంది. నేను కొబ్బరికాయతో పాటు దాన్నీ బంద్ చేశాను. ఇరవై ఏళ్ళుగా ఆ ప్రెస్సు మీద ఎవరి వేలూ పోకపోవడానికి కారణం నాకు ఫైల్లో కనబడలేదు, కుంకుమ భరిణెలో కనబడింది. అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. ఆయన మొహమాటపడి, పోనిద్దురూ, మీకేం తెలుసు అన్నాడు. క్షమించడమో తిట్టడమో ఇప్పటికీ తేలలేదు.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. కొబ్బరికాయ పొద్దున షిఫ్టు మొదట్లో ఒక్కసారి. పసుపు, బొట్టు మాత్రం ప్రతిసారీ, పన్నెండు బోల్టులకీ. బొట్టు లేని బోల్టు కనబడితే ప్రెస్సు తిప్పకూడదు. క్యాంటీన్‌లో మళ్ళీ టమాటా పచ్చడి వచ్చింది. పిల్లలూ, మీరు ఏదైనా అనవసరమని తీసేసేముందు, అది చేసేవాడి పక్కన ఒక పూట ఊరికే నిలబడండి. నేను నిలబడకుండా తీసేశాను కనుక చెబుతున్నాను.

వడ్రంగిని ఆపారా

రెండో నెల మొదలైంది. వరస బోర్డు ప్రకారం రోజుకు ముప్పై రెండు. సరిగ్గా అదే నెలలో మొదటి రెండు వారాలూ మూఢం వచ్చింది.

ఆర్డర్లు ఒక్కటీ లేవు. డీలర్ల కబుర్లు మాత్రం రోజూ సాయంత్రం వస్తున్నాయి. ఇవాళ రెండు ఐదులు, ఒక మూడు పోయాయండీ అని కోటేశ్వరరావు. మేము పోయినవాటికి పోయినన్ని చేసి గోడౌన్లో పెడుతున్నాం. రకానికి ఇన్నని అరలు గీయించి, అంతకు మించి పెట్టకూడదని నియమం. అరలు రోజురోజుకీ నిండుతున్నాయి. కాగితం మీద ఒక్క మోటారుకి కూడా కొనేవాడు లేడు. రోజూ ఇంటికి వెళ్ళేముందు మరియమ్మ గుమ్మంలో ఆగి, "రేపు రావాలాండీ?" అని అడిగేది. ఇన్నేళ్ళ అలవాటు మరి. రావాలమ్మా అనేవాణ్ణి. ఒకరోజు ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆవిడ ఆ క్షణాన్ని పట్టేసింది.

తొమ్మిదో రోజు ఎండీ గారు గోడౌన్‌కి వచ్చి నిండిన అరలు చూశారు. ఆర్డర్లు లేకుండా ఎవరికోసం చుట్టిస్తున్నారని గట్టిగా అడిగారు. వైండింగ్ వాళ్ళని రేపటి నుంచి రావద్దనమన్నారు. నేను ఫోన్ తీసి డీలర్ల కబుర్లు చూపించాను. వాళ్ళ దగ్గర సరుకు అయిపోతోందని చెప్పాను. అయిపోతే ఆర్డరు పెడతారుగా అన్నారు. మూఢం కదండీ అన్నాను.

ఆ మాట ఆయన కాదనలేరు. ఎందుకంటే ఆయన కొత్త ఇంటి గృహప్రవేశం కూడా మూఢం వెళ్ళాకే పెట్టుకున్నారు. శుభలేఖ నాకూ ఇచ్చారు.

"ఇంట్లో వడ్రంగి పని ఆపించారాండీ?" అన్నాను.

"వడ్రంగిని ఎందుకాపుతాను? మూఢం పోగానే దిగొద్దూ. అప్పటికి తలుపులు..."

నిండిన అరల కేసి చూశారు. మీ ఇష్టం, నెలాఖరున చూస్తానని వెళ్ళిపోయారు. బాస్‌కి ఎదురు చెప్పకూడదంటారు. నిజమే. ఆయన చేస్తున్న మంచి పనినే ఆయనకి ఎదురుగా పెట్టాలి.

మూఢం వెళ్ళిన తర్వాత మంచి రోజు పొద్దున గంట వ్యవధిలో నా ఫోన్లో ఎనిమిది మంది వినాయకులు దిగారు. పాత రోజుల్లో అయితే ఆ గంటకే ఫ్యాక్టరీ తలకిందులయ్యేది. ఈసారి అడిగినవి అరల్లో ఉన్నాయి. లారీలు వచ్చాయి, ఎక్కించుకున్నాయి, వెళ్ళాయి. వైండింగ్ గదిలో ఈ సంగతి ఎవరికీ తెలియను కూడా తెలియదు. వాళ్ళు ఆ రోజూ ముప్పై రెండే చుట్టారు.

ఒక్కసారికి

ఇక గట్టెక్కామనుకుంటుండగా నేనే జారాను. కైకలూరు వైపు రొయ్యల రైతు ఒకాయన నలభై ఏరియేటర్ మోటార్లు వెంటనే కావాలన్నాడని సేల్స్ మేనేజరు వచ్చి కూర్చున్నాడు. ఈ ఒక్కసారికి వరస పక్కన పెట్టమన్నాడు. పెట్టాను. ఒక రోజంతా ఏరియేటర్ మోటార్లు తప్ప ఇంకోటి చేయలేదు. మర్నాడు కోటేశ్వరరావు కబురులో అమ్మకాల బదులు ఒక వాక్యం వచ్చింది. ఐదు హెచ్‌పీలు అయిపోయాయి, ఇద్దరు రైతుల్ని వెనక్కి పంపాను అని.

అప్పుడు బుద్ధొచ్చి, మొదటే చేయాల్సిన పని చేశాను. రొయ్యల రైతుకి నేనే ఫోన్ చేసి, నలభై ఇస్తే నలభై ఒకేరోజు బిగిస్తారా అని అడిగాను. "ఎక్కడండీ, ఎలక్ట్రీషియన్ ఒక్కడే. రోజుకు నాలుగైదు" అన్నాడు. మరి నలభై ఎందుకు అడిగారంటే, మీ సేల్స్ ఆయన ఎన్ని కావాలన్నాడు, మొత్తం చెప్పాను అన్నాడు. మిగతావి రోజుకు అయిదు చొప్పున పంపుతానంటే ఇంకా సంతోషించాడు. ఇరవై మోటార్లు షెడ్డులో పెట్టుకుని కాపలా కాస్తున్నానండీ, అన్నీ పంపి చంపారు అన్నాడు. మళ్ళీ వరస బోర్డు దగ్గరికి వెళ్ళి చీటీలు సర్దాను. పోయిన ఐదు హెచ్‌పీలు పూడ్చుకోవడానికి నెల చివరి వారం దాకా పట్టింది. ఆ వారంలోనే ఒకరోజు గమనించాను, మరియమ్మ గుమ్మంలో ఆగడం మానేసింది. సంచి భుజానికి తగిలించుకుని, వస్తానండీ అని నేరుగా వెళ్ళిపోతోంది.

ముప్పయ్యో తారీకు

ఆ నెల ముప్పయ్యో తారీకు శుక్రవారం పడింది. సాయంత్రం అయిదు దాటాక ఎండీ గారి కారు వచ్చింది. ప్రతి నెలాఖరులాగే ఆ పూట పనిచేసేవాళ్ళ కోసం అరవై బిర్యానీ పొట్లాలు వేయించుకొచ్చారు. చొక్కా చేతులు పైకి మడిచే ఉన్నాయి. గేటు దగ్గర దిగేసరికి అసెంబ్లీ వాళ్ళు సైకిల్ స్టాండ్‌లో బళ్ళు తీస్తున్నారు. వైండింగ్ ఆడవాళ్ళు కుళాయి దగ్గర మొహాలు కడుక్కుని తల దువ్వుకుంటున్నారు. ప్రెస్సు ఆగిపోయింది. మా ఫ్యాక్టరీలో నెలాఖరు సాయంత్రం ఇంత నిశ్శబ్దం ఇదివరకు ఒక్కసారే ఉంది, స్టోర్స్‌లో ఒకాయన హఠాత్తుగా పోయినప్పుడు.

ఆయన గొంతు తగ్గించి నన్ను అడిగారు.

"ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదండీ. పనైపోయింది."

నమ్మలేదు. డిస్పాచ్ రిజిస్టరు తెప్పించి నిలబడే చదివారు. టెస్టింగ్ గదిలోకి వెళ్ళి బల్లల కింద చూశారు. గోడౌన్‌కి వెళ్ళి అరలు వేలుపెట్టి లెక్కపెట్టారు. ప్యాకింగ్ దగ్గర ఒక సుత్తి తీసి, కొట్టడానికి మేకేమీ లేక మళ్ళీ అక్కడే పెట్టారు. పెండింగ్ ఒక్కటీ లేదు. నేను వెనకాల నడుస్తున్నాను. ఈ ముప్పై మూడేళ్ళలో ఆయన వెనక అంత నెమ్మదిగా నడిచింది అదే.

గేటు దగ్గరికి తిరిగొచ్చాం. పొట్లాలు చల్లారిపోతున్నాయని, ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఆయనే ఒక్కోటి చేతికిస్తున్నారు. అందరూ మొహమాటంగా తీసుకుంటున్నారు. చివర్లో మరియమ్మ వచ్చింది. పొట్లం ఇవ్వబోయి ఆగారు.

"ఇవాళ ఎన్ని చుట్టారమ్మా?"

"ముప్పై రెండండీ."

"నిన్న?"

"ముప్పై రెండే."

"రేపు?"

"అంతేనండీ."

"ఎల్లుండి?"

"ఎల్లుండి ఆదివారమండీ" అంది మరియమ్మ, ఇంత పెద్దమనిషికి ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆయన పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, నా వైపు తిరిగారు.

"మూర్తి గారూ, సోమవారం కోయంబత్తూరు వాళ్ళు వస్తామన్నారు కదా. రావద్దని చెప్పండి. సోమవారం మనకి ముప్పై రెండున్నాయి."